దానం చేసినవారు, కాపాడినవారు



మన ప్రాచీనాలయాలలోని శిలాశాసనాలను చదివిన పెద్దలకు ఒక విషయం బాగా తెలుసు. శాసనం స్వస్తివాక్యంతో ఆరంభమవుతుంది. తరువాత శకవర్షం, రాజుగారి బిరుదులు, దాత పేరు, దానమిచ్చిన భూమికి నాలుగు దిక్కుల ఎల్లలు వస్తాయి. చివరకు వచ్చేసరికి శాసనం ఆనాటి మనుషులను విడిచిపెట్టి, ఇంకా పుట్టనివారితో మాట్లాడడం మొదలుపెడుతుంది. ఈ ధర్మాన్ని చెరిపినవానికి ఎంతటి పాపం చుట్టుకొంటుందో చెబుతుంది. తాను స్వయంగా దానమిచ్చినందువలన కలిగే పుణ్యంకంటె, మరొకరు ఇచ్చినదానిని కాపాడినందువలన కలిగే పుణ్యం అధికమని చెబుతుంది. ఈ భావంగల శ్లోకాలు రాళ్లమీద, రాగిరేకులమీద, వంశం తరువాత వంశంలో, కొద్దిపాటి మార్పులతో మరల మరల కనిపిస్తాయి.

శాసనం చెక్కించిన దాత అమాయకుడు కాడు. రాజ్యాలు మారుతాయనీ, తన వంశం నిలుస్తుందో నిలవదో తెలియదనీ అతనికి తెలుసు. అందుచేతనే ముఖం తెలియని వారిని, పేరు తెలియని వారిని చేతులు జోడించి వేడుకొన్నాడు. ఆ ముఖం తెలియనివారం మనమే. ఆ వేడుకోలును విన్నవారెవరు, విననివారెవరు అన్నదే ఈ ప్రసంగంలో మేము విన్నవించదలచిన విషయం. విననివారి పట్టికలో మా పేరు కూడా ఉన్నది. ఆ సంగతి దాచము, చివర చెప్పుకొంటాము.

ముందుగా దాక్షారామం వెళ్లివద్దాం. భీమేశ్వరస్వామివారి ఆలయంలో గోడలమీద, స్తంభాలమీద వందలకొలది శాసనాలు ఉన్నాయి. వాటిలో చాలా భాగం 11, 12 శతాబ్దాలకు, అనగా తూర్పు చాళుక్యుల, చాళుక్యచోళుల కాలానికి చెందినవి. రాజుల దిగ్విజయాలు తెలుసుకొందామని వెళ్లిన పాఠకునికి అక్కడ ఎక్కువగా కనిపించేవి దీపాలు! ఫలానావారు స్వామికి అఖండదీపం పెట్టినారు; అందుకుగాను ఇంత పశువుల మందను ఇచ్చినారు; ఆ మందను ఫలానా బోయ స్వీకరించి, నిత్యమూ ఇంత నెయ్యి దీపానికి పోయుటకు ఒప్పుకొన్నాడు. ఇదీ ఆ శాసనాల తీరు. దీపం పెట్టించినవారిలో రాణులున్నారు, సేనానాయకులున్నారు, వ్యాపారులున్నారు. అయితే దాత పేరు పక్కనే ఆ బోయ పేరు కూడా రాతిమీదకు ఎక్కిందన్న విషయాన్ని మనం గమనించాలి. దానమిచ్చినవాడు ఒక్కరోజు ఇచ్చాడు. నెయ్యి పోసేవాడు ప్రతిదినం పోయాలి. మంద ఉన్నంతకాలం, అతని తరువాత అతని బిడ్డలు కూడా పోయాలి. శాసనం చెక్కించినవారు ఈ రెండు పనులనూ సమానంగా గుర్తించారు. మన కాలంలో మాత్రం ఫలకంమీద దాత పేరు చెక్కిస్తాం గాని, రోజూ ఆ ఫలకం తుడిచేవాని పేరు ఎవరూ అడగరు. ఇది మా అభిప్రాయం. ఎవరినీ నొప్పించడానికి అన్నమాట కాదు.

కాలం గడిచింది. మందలు పోయాయి, మాన్యాలు అన్యాక్రాంతమయ్యాయి. లిపి మారిపోవడంతో రాతిమీది అక్షరాలు ఊరివారికే అర్థంకాని గీతలయ్యాయి. అర్థంకాని అక్షరం ఉన్నచోట మన పల్లెలలో వెంటనే పుట్టే మాట ‘నిధి’. రాతిమీద ఏదో రాసి ఉందంటే దానికింద ధనమున్నదని నమ్మి, అర్ధరాత్రి గడ్డపారలతో నందీశ్వరుని పెకలించినవారున్నారు, శాసనస్తంభాలను పడగొట్టినవారున్నారు. ఒక ధాన్యపు గింజల దానాన్నో, ఒక చెరువు తూమునో గురించి చెప్పే అక్షరాలకోసం ఇంత దారుణం! చదవగలిగినవాడు ఊరిలో ఒక్కడున్నా ఆ రాయి బ్రతికేది.

చదవగలిగినవారిని తయారుచేసే పని తెలంగాణంలో ఎలా మొదలయినదో చూద్దాం. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరంలో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఏర్పడింది. రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు, కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు ఆ సంస్థకు మూలపురుషులు. పరభాషలో పాఠశాలలు, కచేరీలు నడిచే రాజ్యంలో తెలుగు పుస్తకం చదువుకొనుటకు ఒక చోటు కావాలన్నదే వారి సంకల్పం. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిసింది. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమాల ఆరంభమయినది. వీటిని నిలబెట్టినవి రాజుల అగ్రహారాలు కావు. సభ్యుల చందాలు, పుస్తకాలు కొనేవారి విశ్వాసం, జీతం లేకుండా సాయంకాలాలు వచ్చి తలుపులు తెరిచి దీపం వెలిగించే కార్యకర్తల ఓపిక. దాక్షారామంలో నెయ్యి పోసిన బోయకూ వీరికీ మాకు ఎక్కువ భేదం కనిపించదు.

1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంస్కరణసభ జరిగింది. ఆ సభలో అల్లంపల్లి వేంకటరామారావుగారనే వకీలు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుండి ఆంధ్రజనసంఘం పుట్టిన కథ అందరూ ఎరిగినదే. కాని దాని వెనువెంటనే జరిగిన మరొక పని అంత ప్రసిద్ధికి రాలేదు. తెలంగాణం పల్లెలలోని శాసనాలను, తాళపత్ర గ్రంథాలను, స్థలచరిత్రలను సేకరించవలెనని కొందరు సంకల్పించి 1922లో ఒక పరిశోధక సంఘాన్ని స్థాపించారు. 1923లో లక్ష్మణరావుగారు నలభైఆరేళ్ల వయసులోనే స్వర్గస్థులయ్యారు. వారి స్మృతిచిహ్నంగా ఆ సంఘానికి లక్ష్మణరాయ పరిశోధక మండలి అని పేరుపెట్టారు. భాషకు జరిగిన అవమానానికి సభలలో గట్టిగా బదులు చెప్పడం ఒక పద్ధతి. మా భాష ఇక్కడ వేయి సంవత్సరాలుగా ఉన్నదని రాళ్లను సాక్ష్యానికి పిలవడం మరొక పద్ధతి. మండలివారు ఈ రెండవ పద్ధతిని ఎన్నుకొన్నారు.

ఆదిరాజు వీరభద్రరావుగారు ఈ మండలి పనిని తమ భుజస్కంధాలమీద మోశారు. వృత్తిచేత ఉపాధ్యాయులు. సెలవు దొరికితే పల్లెల ప్రయాణమే. శాసనానికి అచ్చు తీయడం ఎంత పనియో చూచినవారికి గాని తెలియదు. ముందుగా రాతిమీది మట్టిని, నాచును నీటితో, మెత్తని కుంచెతో కడగాలి. తడిపిన కాగితాన్ని రాతికి అంటించి, ప్రతి గుంటలోకి దిగేటట్లు కుంచెతో నెమ్మదిగా కొట్టాలి. కాగితం కొంచెం ఆరిన తరువాత సిరా అద్దిన గుడ్డ ఉండతో పైపైన తట్టాలి. రాయి పైభాగం నల్లబడుతుంది. అక్షరం తెల్లగా మిగులుతుంది. మధ్యలో గాలి లేచిందా, వాన పడిందా, చేసిన పని వృథా. దానికితోడు ‘నిధి వెతుకుతున్నారు’ అన్న ఊరివారి అనుమానం. ఇన్నింటిని దాటుకొని తెచ్చిన అచ్చులను చదివి, పాఠం నిర్ణయించి, మండలివారు 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటాన్ని వెలువరించారు.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పవలసి ఉన్నది. ప్రభుత్వమేమీ చేయలేదని, అంతా ప్రజలే చేశారని చెప్పుకోవడం మనవారికి ఇష్టం. అది సత్యం కాదు. నిజాం రాజ్యంలో 1914లోనే పురావస్తుశాఖ ఏర్పడింది. దానికి అధిపతిగా పనిచేసిన గులాం యాజ్దానీగారు పాలంపేట రామప్పగుడి శిల్పాన్ని గురించి శ్రద్ధాభక్తులతో గ్రంథం రాశారు. మతం వేరయినా ఆ శిలలయెడ ఆయన చూపిన గౌరవం మనలో ఎందరు చూపుతున్నారో ఎవరికి వారు ఆలోచించుకోవాలి. శాఖకు సాధనాలున్నాయి, అధికారమున్నది. మండలికి ఊరూరా పరిచయాలున్నాయి, పల్లె తెలుగు తెలిసిన నాలుకలున్నాయి. ఒకరు పోలేనిచోటికి ఒకరు పోయారు.

ఇక మా ప్రసంగానికి ముఖ్యమైన చోటు అలంపురం. తుంగభద్రా తీరాన, కృష్ణాసంగమానికి సమీపంలో, బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మాలయాలు అక్కడ ఉన్నాయి. పేరుకు బ్రహ్మలే గాని అన్నీ శివాలయాలే. బాలబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ, తారకబ్రహ్మ, గరుడబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ అని తొమ్మిది. క్రీ.శ. 713 నాటి విజయాదిత్యుని శాసనమొకటి అలంపురంలో ఉన్నది. రాజాజ్ఞచేత ఈశానాచార్యుడనే శైవాచార్యుడు అక్కడ ప్రాకారం కట్టించిన సంగతి అందులో ఉన్నది. పదమూడువందల ఏళ్లనాడు అక్కడ మొదట ఆలోచించినది కొత్త గుడిని గురించి కాదు, ఉన్న గుడులకు రక్షగా గోడను గురించి అని ఆ శాసనం చూచినప్పుడల్లా మాకు అనిపిస్తుంది. ఏటి ఒడ్డున కాపురమున్నవారికి గోడ విలువ తెలుసు.

అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటయిన జోగులాంబ అమ్మవారి స్థానమూ అదే. అమ్మవారి మూలాలయం మధ్యయుగంలో దండయాత్రల పాలయినదనీ, అమ్మవారి మూర్తిని బాలబ్రహ్మాలయానికి చేర్చి కాపాడుకొన్నారనీ స్థలసంప్రదాయం. ఎన్నో తరాలపాటు భక్తులు అమ్మవారిని అక్కడే కొలిచారు. 2005లో మూలస్థానంలో నూతనాలయ నిర్మాణం జరిగి అమ్మవారు అక్కడ కొలువుతీరారు. అన్ని తరాల మధ్యకాలంలో ‘అమ్మ స్థానం ఇది’ అని గుర్తుంచుకొని, తమ పిల్లలకు వేలు పెట్టి చూపిన ఊరివారు లేకపోతే ఆలయం ఎక్కడ కట్టేవారు? వారి పేర్లు ఏ రాతిమీదా లేవు.

ఈ అలంపురంలోనే గడియారం రామకృష్ణశర్మగారు నివసించారు. 1919లో జన్మించి 2006లో పరమపదించిన శర్మగారు సంస్కృతాంధ్రాలలో పండితులు. ఊరి ఆలయాల చరిత్రను, శాసనాలను జీవితమంతా శోధించినవారు. 1953 జనవరిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు వార్షికసభలు అలంపురంలో జరిగాయి. అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ సభలకు విచ్చేశారు. పరిషత్తు 1943లో సభ్యులతో ఏర్పడిన సాహిత్యసంస్థ. దాని సభలు నగరంలో జరుపుకోవడం ఎంతో సులభం. ప్రయాణ సౌకర్యాలు అంతంతమాత్రమయిన ఆ ఊరిని ఎన్నుకొన్నందువలన, ఎక్కడెక్కడి కవులూ పండితులూ నవబ్రహ్మల ముంగిట నిలబడి తలలెత్తి చూడవలసి వచ్చింది. ఆ సభల నిర్వహణలో శర్మగారిది ముఖ్యపాత్ర. అతిథులకు అన్నం, పడక సమకూర్చినది ఊరి గృహస్థులు. ఒక ఊరివారు తమ గుడిని దేశానికి చూపించుకొన్న పద్ధతి అది.

లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో మొదలుపెట్టిన శాసనసంపుటాల పనికి రెండవ భాగం 1960లో వచ్చింది. దానిని సంపాదించినవారు ఈ రామకృష్ణశర్మగారే. రెండు సంపుటాల నడుమ పాతికేళ్లు. ఆ పాతికేళ్లలో రాజ్యం మారింది, రాష్ట్రాలు మారాయి, పని మొదలుపెట్టినవారు వృద్ధులయ్యారు. అయినా మొదటి భాగం అన్నవారికి రెండవ భాగం ఉండి తీరాలన్న పట్టుదల కలిగినవాడు ఒకడు దొరికాడు. శర్మగారి ఆత్మకథ ‘శతపత్రము’నకు 2007లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అప్పటికి ఆయన లేరు.

తరువాత జలగండం వచ్చింది. శ్రీశైలం జలాశయ నిర్మాణంతో నదీతీరాలలోని ఆలయాలు అనేకం మునిగిపోయే స్థితి ఏర్పడింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి, ప్రతి రాతికి గుర్తు వేసి, అలంపురానికి తెచ్చి మరల నిలబెట్టారు. పాపనాశి ఆలయాలకూ స్థానచలనం కలిగింది. అంత పని ప్రభుత్వశాఖలే చేయగలవు, చేశాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర ఉగ్రరూపం దాల్చినప్పుడు అలంపురంలోకి నీరు ప్రవేశించింది. అలాటి వేళలలో బురద ఎత్తిపోయడానికి ముందు వచ్చేది మాత్రం ఊరివారే. గడ్డపార, తట్ట, చీపురు పట్టుకొన్న ఆ సేవకు ఆగమపాండిత్యం అక్కరలేదు.

అయితే అక్కరలేదన్న ఈ మాటలోనే మా అపరాధం కూడా దాగి ఉన్నది. ఇప్పుడు చెబుతాము.

మా ఆలయం పెద్దది కాదు, ప్రసిద్ధమూ కాదు. ధ్వజస్తంభానికి దక్షిణాన నిలువెత్తు రాతిపలక ఒకటి ఉండేది. ఇరవై ఏళ్లకు పూర్వం జీర్ణోద్ధరణ తలపెట్టినప్పుడు మా సేవాసంఘం సభ్యులు ఎంతో ఉత్సాహంతో ముందుకు వచ్చారు. ఒక్క రూపాయి కూలి లేకుండా నలభై దినాలు పనిచేశారు. ప్రాకారానికి సున్నం, స్తంభాలకు రంగు, మండపంలో పలకరాళ్లు. ఆ శిలాపలకకు కూడా రెండు పూతలు పసుపు రంగు నూనెపూత వేశారు. దానిమీద కుంకుమబొట్లు పెట్టారు. మెట్లు సరిచేసే సందర్భంలో దాని అడుగుభాగం సిమెంటులో కలిసిపోయింది. కుంభాభిషేకం దినాన చూచినవారందరూ గుడి కొత్తదిలా ఉన్నదని మెచ్చుకొన్నారు. మేమూ మురిసిపోయాము. వద్దన్నవాడు ఒక్కడు, పొరుగూరి వృద్ధ ఉపాధ్యాయుడు. ఆయన మాటను మేము పెడచెవిని పెట్టాము. ఆయనకు శుభ్రం గిట్టదని నవ్వుకొన్నాము కూడా.

చెరిపినవానికి పాపమని శాసనం చెప్పినప్పుడు, శత్రువునే ఊహించుకొంటాం. మా పలకను కప్పినవారు శత్రువులు కారు. ఉపవాసాలుండి పనిచేసిన భక్తులు. పలు ఆలయాలలో ఇదే జరిగింది, జరుగుతున్నది. పీడనంతో ఇసుకను చిమ్మి రాళ్లను తెల్లగా చేసే యంత్రాలు వచ్చాయి. రాతి పైపొర ఆ ఇసుక తాకిడికి లేచిపోతుంది. శాసనాక్షరం లోతు ఎంతని? పైపొర పోతే అక్షరమూ దానితోనే పోతుంది. నూనెరంగు వేస్తే రాతిలోని చెమ్మ బయటకు రాలేక లోలోపల పొరలు ఊడతాయి. గోడలకు పింగాణీ పలకలు అతికిస్తే వాటి వెనుక ఏమున్నదో వచ్చే తరానికి తెలియనే తెలియదు. కేంద్రప్రభుత్వ రక్షణలో ఉన్న ఆలయాలకు 1958 నాటి చట్టం అడ్డుగా ఉన్నది. అక్కడ అనుమతి లేనిదే ఏ మార్పూ చేయరాదు. మా గుడివంటి వేలాది చిన్న గుడులకు అటువంటి అడ్డు లేదు. వాటికి ఉన్న రక్ష సేవాసంఘమే. వాటికి ఉన్న ప్రమాదమూ సేవాసంఘమే.

మూడేళ్ల క్రితం మా సభ్యులలో ఒక యువకుడు శాసనాల తరగతికి పోయి వచ్చాడు. నేడు కొత్త తెలంగాణ చరిత్ర బృందం వంటి స్వచ్ఛంద సంఘాలవారు ఆదివారాలు పల్లెలకు పోయి, పొదలలో పడి ఉన్న శాసనాలను గుర్తించి, చదివి ప్రకటిస్తున్నారు. పాత మండలి మార్గమే ఇది. చేతిలో ఫోను అదనం. రాత్రివేళ పక్కనుండి దీపం పట్టి తీసిన ఛాయాచిత్రంలో, పగలు కనిపించని అక్షరాలు నీడలు పట్టి లేస్తాయి. ఆ యువకుడు మా పసుపు పలకకు అలాగే ఒక రాత్రి దీపం పట్టాడు. రెండు పూతల కిందనుండి గీతలు తేలాయి. ఆ రాత్రి అక్కడున్న మా పెద్దలలో కొందరికి నోట మాట రాలేదు.

తరువాత నిపుణులను పిలిపించాము. వారు చెప్పినట్లు, వారి ఎదుటనే, మెత్తని కుంచెలతో వేళ్లెడు చోటు తరువాత వేళ్లెడు చోటు రంగును విడదీశాము. నలభై దినాలలో వేసినది తీయడానికి పది నెలలు పట్టింది. కొన్నిచోట్ల రంగుతోపాటు రాయి పొర కూడా వచ్చింది. అక్కడ పని ఆపివేశాము. మిగిలినదానిలో ఒక తెలిక కులస్థుడు స్వామివారి సంధ్యాదీపానికి గానుగనూనె ఏర్పాటు చేసినట్లు తెలిసింది. అతని పేరులో మొదటి రెండక్షరాలే దక్కాయి. రాజు పేరు ఉండవలసినచోట పొర లేచిపోయింది. సంవత్సరమూ లేదు.

నాడు వద్దన్న ఆ ఉపాధ్యాయుడు కాలం చేసి చాలాకాలమయినది. ఆయన కుమారుని వద్దకు పోయి, క్షమాపణ చెప్పుకొని, తండ్రిగారి పాత నోటుపుస్తకాలు ఏమయినా ఉన్నాయా అని అడిగాము. ఒకదానిలో మా పలక పాఠం పెన్సిలుతో రాసి ఉన్నది. పై పదకొండు పంక్తులు ఉన్నాయి. తెలిక దాత పూర్తి పేరు ఉన్నది. ‘అడుగు నేలలో ఉన్నది, తవ్వి చూడవలెను’ అని చివర రాసుకొన్నారు.

ఇప్పుడు మా సంఘంలో చేరేవారు చందాతోపాటు ఒక మాట కూడా ఇస్తున్నారు. గుడిలో ఏ రాతిమీదనయినా సున్నం గాని రంగు గాని వేయడానికి ముందు దాని ఛాయాచిత్రం తీసి, చదవగలవారికి పంపి, సమాధానం వచ్చేవరకు ఆగాలి. ఒక్కొక్క సభ్యునికి ఒక్కొక్క స్తంభమో, పలకో అప్పగించాము. ఏడాదికి రెండుమార్లు, వానలకు ముందు, వానల తరువాత, దానిని చూచి పుస్తకంలో రాయాలి. ఆగడం మావారికి కష్టంగానే ఉన్నది. రంగు డబ్బాలు విరాళంగా తెచ్చినవారిని వట్టిచేతులతో పంపలేక ప్రతి ఏడూ ఇబ్బంది పడుతున్నాము. గత ఉత్సవాలకు వచ్చిన డబ్బాలతో వంటశాల తలుపులకు రంగు వేయించాము.

పలక అడుగుభాగం ఇంకా సిమెంటు మెట్టులోనే ఉన్నది. దాతలు రాబోయేవారిని వేడుకొనే శ్లోకం సాధారణంగా ఉండేది అక్కడనే. యంత్రం పెడితే రాయి చీలుతుందని, ఉలితో కొద్దికొద్దిగా తీయాలని శిల్పి చెప్పాడు. కార్తీకమాసం వెళ్లిన తరువాత పని మొదలుపెడదామన్నాడు. ఆ మెట్టుమీద కాలు పెట్టవద్దని ప్రస్తుతానికి ఒక తాడు కట్టి ఉంచాము.